నిశాంత్ చేసిన పుస్తకం

టీలో చక్కెర వేసి కలుపుతుండగా ముందుగదిలోంచి మా ఆయన మాట వినబడింది.

"డిజైనింగ్ మాకు హైదరాబాద్‌ల అయితది సార్. నిశాంత్ అని ఒకడున్నడు. మస్తు పనిమంతుడు."

నా చేతిలో చెంచా ఆగింది. తొమ్మిదేళ్లుగా ముందుగదిలోని మా ఫొటో స్టూడియోలోంచి బయటికి పోయిన ప్రతి పెళ్లి ఆల్బమ్ నేను చేసిందే. నిశాంత్ అనే మనిషి పేరు నేను ఆ రోజే విన్నాను.

కప్పులు ట్రేలో పెట్టుకొని వెళ్లాను. పెద్ద అంబర్‌పేట్ దగ్గర కొత్తగా ఫంక్షన్ హాల్ కట్టిన జగదీశ్వర్ గారు, ఆయన కూతురు లిఖిత సోఫాలో కూర్చున్నారు. మా నమూనా ఆల్బమ్ ఆ అమ్మాయి ఒళ్లో ఉంది. అప్పగింతల పేజీ దగ్గర ఆగిపోయింది. ఆ పేజీలో పెళ్లికూతురి ముఖం ఉండదు. వాళ్ల నాన్న చొక్కా అంచును పట్టుకున్న ఆమె చెయ్యి ఒక్కటే పెద్దగా పెట్టి, మిగతాదంతా ఖాళీగా వదిలాను.

"ఇది ఎంత మంచిగుందో" అంది లిఖిత.

"నిశాంత్‌కు చెప్త మేడం" అన్నాడు మా ఆయన, నా చేతిలోంచి కప్పు అందుకుంటూ. నా వైపు చూడలేదు. చూడకపోవడానికి ప్రత్యేకంగా ప్రయత్నించినట్టు కూడా లేదు. అంత సులువుగా అన్నాడు.

జగదీశ్వర్ గారికి కావలసింది పెళ్లి ఆల్బమ్ కాదు. "హాల్ చూడనీకొచ్చినోళ్లకు ఫోన్ల ఫొటోలు చూపెడుతున్నం. రెండు జరిపి పక్కన పెడుతున్నరు. గట్ల కాదు. టేబుల్ మీద ఒక బుక్ ఉండాలె. తల్లి, పిల్ల, పెద్దమనుషులు అందరు కలిసి చూడాలె. చూసి లేచేటప్పటికి హాల్ ఒప్పుకోవాలె" అన్నారాయన. అది నచ్చితే తన హాల్లో జరిగే ఫంక్షన్లకు మా స్టూడియోనే చెప్తానన్నారు.

వాళ్ల కారు కదిలాక అడిగాను.

"నిశాంత్ ఎవలు?"

మా ఆయన రాజశేఖర్ నవ్వాడు. "అరె, గట్ల చెప్పకపోతే పెద్దోళ్లు నమ్మరే. ఇంట్ల ఆడోళ్లు చేస్తరంటె ఊరి పని అనుకుంటరు. నీకేం పోయింది? పని నీదే గద."

పని నాదే. ఆ మాట సాయంత్రం దాకా నాతోనే తిరిగింది. మా పాప అంకితను స్కూల్ నుంచి తెచ్చేటప్పుడు, అత్తమ్మకు రొట్టెలు చేసేటప్పుడు, ఆరిన బట్టలు మడత పెట్టేటప్పుడు. అబద్ధం కాదు కాబట్టి తిట్టడానికీ వీల్లేని మాట. మంచాల ఊళ్లో డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆపి ఈ ఇంటికి వచ్చినప్పుడు నాకు కంప్యూటర్ ఆన్ చెయ్యడం కూడా సరిగ్గా రాదు. అప్పట్లో మా ఆయన ఆల్బమ్‌లు సిటీలో ఎక్కడో చేయించేవాడు. ఒకసారి పెళ్లికూతురి ముఖం సరిగ్గా నడిమి మడతలో పడి, ముక్కు సగం ఇటు, సగం అటు వచ్చింది. వాళ్ల మేనమామలు స్టూడియో మీదికి గొడవకొచ్చారు. నేను చేసి చూస్తానన్నాను. ఒళ్లో అంకితకు పాలిస్తూ, ఫోన్లో వీడియోలు చూస్తూ నేర్చుకున్నాను. ఆయన రెండువేల ఫొటోలు తెచ్చి నా ముందు పడేస్తాడు. అందులోంచి నూటఇరవై ఏరాలి. ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో, ఏ ఆడబిడ్డను మొదటి పేజీల్లో పెట్టకపోతే ఇంట్లో మంట లేస్తుందో, నలుపని ఎప్పుడూ మాట పడే పిల్లను తెల్లగా చెయ్యకుండానే ఎలా అందంగా చూపించాలో ఫొటోలు చూస్తే నాకు తెలుస్తుంది. ఇదంతా వంటగదికీ పడకగదికీ మధ్య నడవాలో, కుక్కర్ విజిల్ లెక్కపెడుతూ చేస్తాను. నడుం నొప్పంటే అత్తమ్మ "కూసొని చేసే పనికి నడుమెందుకు నొస్తది బిడ్డా" అంటుంది. వెక్కిరింపు కాదు, ఆమెకు నిజంగానే అర్థం కాదు. మా అత్తమ్మ వజ్రమ్మ అంటే ఎకరాలకెకరాలు వంగి నాట్లేసిన మనిషి. మా ఆయన మాత్రం ఎవరైనా అడిగితే "ఇంట్ల ఖాళీగుంటది గద, టైంపాస్‌కు కూసుంటది" అనేవాడు. ఇప్పుడు ఆ టైంపాస్ కూడా నిశాంత్‌కు పోయింది.

అయినా ఆ పుస్తకం బాగా చెయ్యాలనిపించింది. ఎందుకో నాకే తెలియదు. రాజశేఖర్ హాల్‌కు వెళ్లి రెండు రోజులు ఫొటోలు తీసుకొచ్చాడు. అన్నీ స్టేజీ, అన్నీ లైట్లు, పైకప్పు నుంచి వేలాడే గాజు దీపాలు. సూటు వేసుకున్న జగదీశ్వర్ గారు చేతులు కట్టుకొని. చూస్తుంటే నాకొకటి అనిపించింది. హాల్ చూడడానికి వచ్చే ఇంటి ఆడవాళ్లు దీపాలు చూసి మురిసిపోరు. వాళ్ల కడుపులో వేరే భయాలుంటాయి. ముసలివాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలి, మెట్లెన్ని, అన్నాల దగ్గర తోపులాట అవుతుందా, బాత్రూములు ఎంత దూరం. నా మేనత్త కూతురి పెళ్లిలో మూడు నెలల అంకితకు పాలివ్వడానికి చోటు దొరక్క, వంటసామాను గదిలో ఉల్లిగడ్డల సంచుల మధ్య తలుపుకు వీపానించి కూర్చున్నాను. బయట ఎవరో తలుపు కొడుతూనే ఉన్నారు.

"స్టేజీ పక్కన చిన్న రూము ఏమన్న ఉన్నదా?" అని అడిగాను.

"ఉన్నది. కర్టెనేసి, మంచమేసి పెట్టిన్రు. ఎందుకు?"

"దాని ఫొటో గావాలె."

"గదెవడు చూస్తడే?"

"ఒక్కటి తియ్యి. ముసలోళ్లు కూసునే కాడ కూడ ఒకటి. పొద్దుగాల, జనం రాకముందు."

విసుక్కుంటూనే వెళ్లి తీసుకొచ్చాడు. ఆ మాటకొస్తే ఆయన ఫొటోలు చాలా బాగా తీస్తాడు. కిటికీలోంచి వచ్చే వెలుగు కర్టెన్ మీద, మంచం మీద మడత విప్పని దుప్పటి. చూడగానే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పుస్తకాన్ని ఒక తల్లి భయాల వరుసలో పేర్చాను. మొదటి పేజీలో స్టేజీ లేదు. పొద్దున పదింటికి ఖాళీ హాలు, ఫ్యాన్ కింద నాలుగు మెత్తటి కుర్చీలు. తర్వాత మెట్లు లేని దారి. తర్వాత ఆ చిన్నగది, పేజీ నిండా. దీపాలు, స్టేజీ ఎక్కడో పన్నెండో పేజీలో వచ్చాయి. సూటు ఫొటో చివర్లో చిన్నగా పెట్టాను.

"పెద్దాయన తిడతడు" అన్నాడు రాజశేఖర్. తిట్టలేదు.

పుస్తకం అచ్చై హాల్‌కు చేరిన వారానికి లిఖిత మెసేజ్ వచ్చింది. మా ఆయన ఫోన్ పట్టుకొని వంటగదిలోకొచ్చి చదివాడు. "నిశాంత్‌కు థాంక్స్ చెప్పండి. వచ్చిన ఆడవాళ్లందరూ ఆ కర్టెన్ రూమ్ పేజీ దగ్గర ఆగుతున్నారు. ఒకామె అక్కడికక్కడే ఒప్పుకుంది." చదివి, మెరిసే ముఖంతో నన్ను చూశాడు. నేను వంకాయలు కోస్తున్నాను. ఆయన సంతోషం నిజమైనదే. నాకు సంతోషం చూపించుకునే చోటు మాత్రం లేదు. ఎవరో వేరేవాళ్ల ఇంటికి వచ్చిన ఉత్తరం చదివి వినిపించినట్టుంది. తర్వాత ఇంకా వచ్చాయి. "నిశాంత్‌కు చెప్పండి, ఇంకో కాపీ వేసేటప్పుడు మూడో పేజీలో రంగు జర తగ్గించమని." తగ్గించాను. "నిశాంత్ ఎప్పుడు ఖాళీగా ఉంటాడు?" అంకిత ఒకరోజు "నిశాంత్ మామ మనింటికెప్పుడొస్తడు?" అని అడిగింది.

నెల తిరగకుండానే జగదీశ్వర్ గారు ఫోన్ చేశారు. వంటవాళ్లకు, డెకరేషన్ వాళ్లకు, పూలవాళ్లకు, హాల్‌తో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఒక్కో పుస్తకం చేయిద్దామనుకుంటున్నారట. ఈసారి నిశాంత్‌తోనే కూర్చొని మాట్లాడతారట. గురువారం తీసుకురమ్మన్నారు.

మా ఆయన ముఖం రెండు గంటలు వాడిపోయింది. తర్వాత తనకే ఉపాయం తోచింది. పక్కనే జిరాక్స్ షాపు నడిపే తన దోస్తు కిష్టాను పిలుచుకొచ్చాడు.

"వీడే నిశాంత్. నువ్వు జర నేర్పియ్యి. ఏమేమడుగుతరో, ఏం చెప్పాలెనో" అన్నాడు నాతో. ఫంక్షన్ ఉందని కెమెరా తీసుకొని వెళ్లిపోయాడు.

మంగళవారం మధ్యాహ్నం. కిష్టా నా బల్ల పక్కన స్టూలు మీద, చేతిలో నోటుబుక్కుతో కూర్చున్నాడు. మంచివాడు. సిగ్గుపడుతున్నాడు. "వదినా, నాతోటి అయితదా?" అన్నాడు. నడిమి మడత గురించి చెప్పాను. ముఖాలు అందులో పడకుండా ఎలా చూడాలో చెప్పాను. రాసుకున్నాడు. పుస్తకం తెరిచి, "వదినా, ఫస్టుల స్టేజీ ఎందుకు పెట్టలేదని అడిగితె ఏమనాలె?" అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాను. తల్లుల భయాల గురించి, మెట్ల గురించి, ఉల్లిగడ్డల సంచుల గురించి, బయట తలుపు కొట్టినవాళ్ల గురించి. ఫొటో ఎంత పెద్దగా ఉండాలో తేల్చేది దాని అందం కాదని, చూసేవాళ్లు అక్కడ ఎంతసేపు నిలబడాలో అదేనని చెప్పాను. ఒక పేజీలో ఖాళీ ఎందుకు వదులుతానో చెప్పాను. చెబుతూ చెబుతూ నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తొమ్మిదేళ్లలో నా పని గురించి నేను పైకి మాట్లాడడం అదే మొదటిసారి. ఎవరూ అడగలేదు కాబట్టి ఇదంతా నాకు తెలుసని నాకే తెలియదు. ఇప్పుడు అడిగినవాడు కూడా, అది చేసింది నేను కానట్టు నటించడానికి అడుగుతున్నాడు.

కిష్టా పెన్ను ఆగిపోయి చాలాసేపైంది.

"వదినా, ఉల్లిగడ్డల సంచుల ముచ్చట నేనెట్ల చెప్పాలె?" అన్నాడు.

"చెప్పొద్దు. ఇంటికి పో కిష్టా. గురువారం నువ్వు పోయే పని లేదు" అన్నాను. అతను బరువు దిగినవాడిలా లేచి వెళ్లిపోయాడు.

లిఖిత నంబరు నాకు కొత్త కాదు. మార్పులు చేసిన ఫైళ్లన్నీ ఆ నంబరుకే పంపేదాన్ని, మా ఆయన ఫోన్‌లోంచి. ఈసారి నా ఫోన్ తీశాను.

"ఇబ్రహీంపట్నం స్టూడియోకెల్లి మాట్లాడుతున్న. రాజశేఖర్ ఇంటామెను."

"చెప్పండక్కా. గురువారం నిశాంత్ వస్తున్నడు గద?"

"నిశాంత్ అని ఎవలు లేరమ్మా. ఆ బుక్ చేసింది నేనే. నా పేరు సంతోషి."

పోతే మొత్తం పోతుంది, హాల్ పనితో సహా.

"ఆ కర్టెన్ రూమ్ పేజీ మీరే పెట్టిన్రా?"

"నేనే."

"నాకు డౌటొచ్చిందక్కా. అది మగోడికెట్ల తోచింది అనుకున్న" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాన్నకు అబద్ధం చెప్పినోళ్లంటె పడదు. నేను చెప్తె వినడు. మీరే వచ్చి మాట్లాడున్రి" అంది.

రాత్రి రాజశేఖర్ అన్నానికి కూర్చోగానే నేనే చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"నా ఇజ్జత్ తీసినవ్. ఒక్క మాట నాకు చెప్పి చేస్తె ఏమైతుండె?"

"నిశాంత్‌ను పుట్టిచ్చేటప్పుడు నువ్వు నాకు చెప్పినవా?"

పళ్లెం పక్కకు జరిపి లేచి పోయాడు. మరుసటి రోజంతా నాతో మాట్లాడలేదు. నేను మామూలుగానే వండాను, వడ్డించాను. కానీ ఆయన పడేసిపోయిన కొత్త ఫొటోలు తెరవలేదు. అత్తమ్మ గుమ్మంలో కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూ అంతా చూస్తోంది. ఏదో అంటుందని ఎదురుచూశాను. కాయల మీద నుంచి తల ఎత్తకుండానే అంది:

"పొలమంత నేనే చేసిన. పట్టా మీ మామ పేరు మీదుండె. నేనెన్నడు అడగలె బిడ్డా. అడగొచ్చని నాకెవలు చెప్పలె."

గురువారం పొద్దున అంకితను స్కూల్‌కు పంపి, పుస్తకం సంచిలో పెట్టుకొని బస్సుకు బయలుదేరాను. స్టూడియో ముందు రాజశేఖర్ బండి మీద కూర్చొని ఉన్నాడు.

"రెండు బస్సులు మారాలె. కూసో, దింపుత" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

కూర్చున్నాను. హాల్ గేటు ముందు బండి ఆపాడు. అలవాటుగా బండి తాళం తీసి, జేబులోంచి దువ్వెన బయటికి తీశాడు.

"లోపలికి నేనొక్కదాన్నే పోత" అన్నాను.

దువ్వెన పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. కోపం వస్తుందనుకున్నాను. కానీ ఆయన ముఖంలో కనిపించింది భయం. ఇన్నేళ్లలో ఆ ముఖాన్ని నేను అలా చూడలేదు.

"నా గురించి ఏమని చెప్తవ్ వాళ్లకు?"

"ఉన్నదే చెప్త. ఫొటోలు మా ఆయన తీస్తడు, పుస్తకం నేను చేస్త అని."