సున్నా దగ్గర మచ్చ

మేం తయారుచేస్తున్న వీడియో ఆటలో ఒక్క ముక్కుకే, అటూ ఇటూ జరిపే మీటలు నలభై రెండున్నాయి. దూలానికి వేరు, కొనకు వేరు, ఎడమ రంధ్రానికి ఒకటి, కుడి దానికి ఇంకొకటి. ఆడేవాళ్లు తమ పాత్ర మొహాన్ని నచ్చినట్టు చెక్కుకోవాలట. ఈ ఘనకార్యం మా డైరెక్టరుది. వెనకాల అందరం ఆయన్ని ముక్కుసారు అంటాం. ఆయనది బట్టతల. ఆటలో మాత్రం తనకు నడుం దాకా జుట్టు పెట్టుకున్నాడు. గురివింద గింజ తన నలుపెరగదని నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. అసలు కన్నా కొసరు ముద్దనే మనిషికి కథ దేనికి? ముక్కులకు పోగా మిగిలిన చోట ఇరికించే సామాను.

ఆ కథ మా పెద్దమ్మది. ఆవిడ నవలనే వీడియో గేమ్‌గా మారుస్తున్నాం. పాత్రల మాటలు రాసేది నేను. నవలలో యువరాణికి ఐదేళ్లప్పుడు డ్రాగన్ మంటకు ఎడమ చెంప కాలుతుంది, ఆ గొడవలోనే తప్పిపోతుంది. ఇరవై ఏళ్లకు, చూపు పోయిన తల్లి ఆ చెంప తడిమి కూతుర్ని గుర్తుపడుతుంది. పెద్దమ్మ ఎడమ చెంపా కాలిందే, చిన్నప్పుడు స్టవ్ పేలి. పుస్తకం వేసినవాళ్లు అట్ట మీది ఆవిడ ఫోటో మాత్రం కుడివైపు నుంచి తీయించారు. అందుకే హక్కులిచ్చేటప్పుడు ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఆ మచ్చ ఉండాలే."

"ఉంటుంది పెద్దమ్మా. పూచీ నాది."

ముక్కుసారు మచ్చకీ మీట పెట్టాడు. సున్నా నుంచి నూరు దాకా. మనం కదపనంతవరకూ సున్నా దగ్గరే ఉంటుంది.

"తీసెయ్యలేదు కదండీ, ఆప్షన్‌గా ఉంచాం. కొనుక్కుని మరీ కాలిన మొహం ఎవరు పెట్టుకుంటారు?" అన్నాడు నాతో.

సొమ్మొకడిది, సోకొకడిది. మచ్చలేని యువరాణి వస్తే తల్లి అనాల్సిన మాట వేరే రాయమన్నాడు. తిట్టుకుంటూ రాశాను. పెద్దమ్మకు చెప్పలేదు.

ఆట చూడడానికి ఆవిడ ఆఫీసుకొచ్చింది. ముక్కుసారు కుర్చీ వేసి, అరగంట సేపు ముక్కులు చూపించాడు. ఆ తర్వాత చెవులు మొదలుపెట్టాడు.

"చెవులు బాగున్నాయి నాయనా. ఆ తల్లి దగ్గరికి తీసుకెళ్లు," అంది పెద్దమ్మ.

అంత దూరం ఆడి ఉన్నది నా కంప్యూటర్‌లోనే. మాటలు సరిచూసుకోవడానికి ఎనిమిది నెలలుగా ఆడుతున్నాను. ఆలోచించకుండా తెరిచేశాను.

తెర మీదికి నా యువరాణి వచ్చింది. తీర్చిన కనుబొమలు, సన్నటి ముక్కు, నున్నటి ఎడమ చెంప. మొదటిరోజు నేనే చేసుకున్నాను. మచ్చ మీట నా కంటపడకపోలేదు. రోజూ చూడాల్సిన మొహం కదా అని వదిలేశాను.

తల్లి ఆ నున్నటి చెంప తడిమింది. "నీ అడుగు నాకు తెలుసే. గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతావు. ఐదేళ్లప్పుడూ అంతే," అంది.

ముక్కుసారు కళ్లు తుడుచుకున్నాడు. "చూశారా మేడమ్! మచ్చ లేకపోయినా ఏం తక్కువైంది?"

పెద్దమ్మ ఆయన వైపు చూడలేదు.

"ఈ పిల్లని ఎవరు చేశారే?"

"నేనే పెద్దమ్మా."

"ఆ మాటలు రాసిందెవరు?"

"అవీ నేనే."

"బాగా రాశావే. నేను రాసినదాని కన్నా బాగుంది," అంది.

అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ముక్కుసారు అందర్నీ ఫోటోకి పిలిచాడు. నేను పెద్దమ్మకు ఎడమ పక్కన నిలబడ్డాను. ఎవరూ అడక్కుండానే, అలవాటు కొద్దీ, ఆవిడ కుడి చెంపను కెమెరాకిచ్చింది. అలా తిరిగేసరికి ఆ మొహం, కాలిన చెంపతో సహా, నేరుగా నా ఎదటికొచ్చింది.

నేను కెమెరా వైపు చూశాను.