ఆఖరి డబ్బా

డబ్బాలాయన మధ్యాహ్నం భోజనం తొందరగా ముగించాడు కానీ మంచినీళ్ళు ముట్టలేదు. తాగితే మధ్యలో లేవాల్సి వస్తుంది. ఇవాళ మాత్రం లేవకూడదని పట్టు.

టీవీలో ఆ నలుపు తెలుపు సినిమా వేస్తున్నారని పొద్దున కోడలు చెప్పింది. పెద్ద భవంతి, అందులో ఒక హత్య, పొడుగు కోటు డిటెక్టివు. పేరు వినగానే ఆయన గడ్డం గీసుకోవడం ఆపి, సగం నురగ మొహంతోనే వచ్చి ఎన్నింటికని అడిగి వెళ్ళాడు.

ఆయన వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో హాళ్ళు రెండు, వచ్చే సినిమా కాపీ ఒకటి. మొదటి హాల్లో ఒక రీలు ఆడగానే దాన్ని రేకు డబ్బాలో పెట్టి, సైకిలు మీద రెండో హాలుకి చేరవెయ్యాలి. ఆ సైకిలు ఈయనది. తెర పైమూల చిన్న చుక్క మెరిస్తే రీలు అయిపోవస్తోందని గుర్తు. కథ ఎంత రసపట్టులో ఉన్నా, చుక్క పడిందంటే పరిగెత్తి ఆపరేటరు గది మెట్లెక్కాల్సిందే.

మిగతా సినిమాల గురించి ఆయనకి బెంగ లేదు. కొట్లాట ఎవరు గెలుస్తారో, పెళ్ళి ఎవరికవుతుందో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ఇదొక్కటే గొంతులో ముల్లులా ఉండిపోయింది. దీని ఆఖరి రీలు పొట్టిది. ఆయన రెండో హాలుకి వెళ్ళి తిరిగొచ్చేసరికే అది ఆడేసి, వేడివేడిగా డబ్బాలోకి చేరేది. దాన్ని రెండో హాల్లో ఇచ్చి అక్కడే చూద్దామంటే, తర్వాతి ఆటకి మొదటి డబ్బాలు వెనక్కి మొయ్యాలి. చంపిందెవరో ఊరందరికీ తెలుసు, మోసినవాడికి తప్ప.

"ఎవర్నైనా అడిగితే పోయేది కదా మామయ్యా," అంది కోడలు.

"తిన్నవాడి చెయ్యి వాసన చూస్తే కడుపు నిండుతుందా?"

ఆయన భార్య, పెళ్ళైన కొత్తలో, ఆ సినిమాకి రెండో హాలుకి వెళ్ళింది. అప్పట్నుంచీ ఇంట్లో ఏ గొడవొచ్చినా అదే ఆమె బ్రహ్మాస్త్రం. "ఇంకొక్క మాటన్నావంటే చంపిందెవరో చెప్పేస్తా." అంతే, ఆయన నోరు మూతపడేది.

బొమ్మ మొదలైంది. వాన, భవంతి మెట్లు, గడియారం కింద శవం. డాక్టరు చూపులు ఆయనకి నచ్చలేదు. వీడే అయ్యుంటాడని ముందుకు వంగాడు. అంతలో తెర మూల చుక్క మెరిసింది.

"ఎక్కడికి మామయ్యా?"

అప్పటికే ఆయన గుమ్మం దాటి వరండాలో ఉన్నాడు. చెయ్యి, అక్కడ లేని సైకిలు కోసం తడుముతోంది.

"చుక్క పడింది," అన్నాడు సిగ్గుగా.

బట్టలు మడతపెడుతున్న భార్య తలెత్తలేదు. "రెండో హాలు పడగొట్టి గోడౌను కట్టారయ్యా. డబ్బా ఎవరికిస్తావు?"

ఆయన వచ్చి కూర్చుని, పాదాలు రెండూ కుర్చీ కాళ్ళకి మెలేశాడు. మళ్ళీ చుక్క పడ్డప్పుడు కుర్చీతో సహా లేచాడు. దాంతో తువ్వాలు తీసి కోడలి చేతిలో పెట్టి, నడుముని కుర్చీకి కట్టమన్నాడు.

"గట్టిగా బిగించమ్మా. ఈ కాళ్ళు నా మాట వినవు. చుక్క ఉప్పు తిన్నాయి."

"ఇంత తంటా ఎందుకు, చెప్పేస్తే పోలా?" అంది భార్య.

"చెప్పావో, ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టను."

"పొద్దుట్నుంచీ ముట్టింది లేదుగా."

తర్వాతి చుక్కలకి కుర్చీ కిర్రుమంది కానీ తువ్వాలు ఆగింది. డిటెక్టివు అందరినీ పెద్ద గదిలోకి పిలిచి తలుపు మూశాడు. డాక్టరు, విధవరాలు, గుమాస్తా, పూలబుట్ట పట్టుకున్న చెవిటి తోటమాలి. అందరికీ వీపు తిప్పి డిటెక్టివు జేబులో చెయ్యి పెట్టాడు. చుక్క పడింది. ఇక మిగిలింది ఆ పొట్టి రీలే.

తువ్వాలు ముడి ఊడింది. ఆయన సగం లేచాడు. వెనక నుంచి ఎవరో చొక్కా అంచు పట్టి లాగారు.

"కూర్చో," అంది భార్య. మడతపెట్టే బట్టలు కిందపడున్నాయి. "నేనూ చూడాలి."

"నీకు తెలుసుగా."

"తెలీదు."

ఆయన ఆమె వైపు తిరగబోయి మానుకున్నాడు. "తర్వాత చెప్పు. ముందు తెర చూడు." గుమ్మం వైపు పరిగెత్తబోతున్న కాళ్ళని నేలకి అదిమిపెట్టాడు. రెప్ప వెయ్యలేదు.

డిటెక్టివు జేబులోంచి తాళాల గుత్తి తీసి, రాతి నేల మీద వదిలేశాడు. ఖణేల్మంది. అందరూ తిరిగి చూశారు. చెవిటి తోటమాలి కూడా చూశాడు.

"తోటమాలా," అన్నాడాయన.

తెర మీద పేర్లు పడుతుండగా అడిగాడు, "నువ్వప్పుడు హాల్లోనే ఉన్నావుగా?"

"ఉన్నా. ఆఖరి డబ్బా తెస్తూ సైకిలు మీంచి పడి, మోకాలు చీరుకుని, డబ్బా పైకిచ్చి పక్కతలుపు దగ్గర నిలబడ్డావు. రక్తం చూసి బయటికొచ్చా. కట్టు కట్టేసరికి జనం లేచిపోతున్నారు."

ఆయన మోకాలు తడుముకున్నాడు. ఆ మచ్చ ఇంకా ఉంది; ఆ కట్టు ఏ ఆటప్పుడు పడిందో మాత్రం మర్చిపోయాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పేస్తా, చెప్పేస్తా అని..."

"ఏదీ, ఒక్కసారైనా చెప్పానా?" అంటూ ఆమె నీళ్ళచెంబు తెచ్చి చేతికిచ్చింది.

ఆయన గటగటా తాగాడు.