పేరు చూడని తలుపు

ఆఫీసు కంప్యూటర్ ప్రోగ్రాంలో లోపాన్ని పట్టుకున్నది చిన్నదే. ఇంట్లో ఆమె పేరు అదే. అక్క పెద్దది, ఈమె చిన్నది.

నెట్‌లో అవతలివాళ్ళు తమ గుర్తింపుగా చూపించే సర్టిఫికెట్ మీద ముద్ర అసలుదా, నకిలీదా అని ఆ ప్రోగ్రాం చూస్తోంది. బాగానే ఉంది. దాని మీద పేరు ఎవరిదో మాత్రం చూడటం లేదు. ఏ దారినపోయేవాడైనా తన సొంత సర్టిఫికెట్ పట్టుకొచ్చి "నేనే మీ బ్యాంకుని" అంటే చాలు, "దయచేయండి" అంటోంది.

"ముద్ర అసలుదేగా, ఇంకేం?" అన్నాడు ఆ ప్రోగ్రాం రాసిన పెద్దమనిషి.

"ముద్ర అసలుదే మహానుభావా, మనిషే వేరు!" అని కస్సుమంది చిన్నది. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని, లోపం దిద్దించాకే కుర్చీలోంచి లేచింది.

ఇంటికొచ్చి తండ్రి గది తలుపు తోసింది. "నాన్నా!"

ఆయన్ని అలా పిలిచేవాళ్ళు లోకంలో ఇద్దరే. వాళ్ళలో పెద్దది పోయి ఏడాది దాటింది. మతిమరుపుతో ఆయన ఆ సంగతి మరిచిపోతాడు. చెప్పిన ప్రతిసారీ అప్పుడే విన్నట్టు గుండెలు బాదుకుంటాడు. అందుకే చెప్పడం మానేసింది.

ఆయన ముఖం విప్పారింది. "వచ్చావా పెద్దదానా! ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?"

పిలుపు అసలుదే. ఆమె వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.

"వచ్చాను నాన్నా."

ఆయన ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు చూశాడు. "మరి చిన్నదేదీ? నా మొహం చూడటమే మానేసిందది."

"ఆఫీసులో పని తెమల్లేదట నాన్నా, వస్తుందిలే" అంది చిన్నది.