ప్రసంగం తర్వాత మిగిలిన పాట

షైనీ పెన్సిల్‌ను క్యాసెట్ కన్నంలో దూర్చి వెనక్కి తిప్పుతోంది. టేప్‌రికార్డరులో వెనక్కి తిప్పితే బ్యాటరీలు తొందరగా అయిపోతాయని ఆ ఇంట్లో క్యాసెట్లన్నీ ఆమె చేతి మీదుగానే మొదటికి వస్తాయి. అన్న హెన్రీ క్యాసెట్‌కు ఇప్పుడు అంత పని లేదు. రెండు వందల తిప్పులు చాలు. అందులో మిగిలింది ఒక్క పాటే.

పోయిన ఆదివారం దాకా తొమ్మిది ఉండేవి. స్వీడన్ దేశపు కుర్రాళ్లు నలుగురు నాలుగేళ్ల కిందట గొంతు చించుకుని అరుస్తూ చేసిన డెత్ మెటల్ ఆల్బం అది. బెంగళూరు స్నేహితుడొకడు కాపీ తీసి పంపాడు. ఆత్మకూరులో రేడియోలు బాగుచేసే హెన్రీ సాయంత్రం ఉదయగిరిలో బస్సు దిగి, కాళ్లయినా కడుక్కోకుండా, నాయన ట్యూషన్ నుంచి వచ్చేలోపు దాన్ని పెట్టేవాడు.

"వాడి గొంతులో ఎముక ఇరుక్కోనుండాది. అన్నం ముద్ద మింగమని జాబు రాయరా," అనేది అవ్వ రెబెకమ్మ, రోజూ అదే మాట.

హెన్రీ కోపగించుకునేవాడు కాదు. వినేవాళ్లుంటే చాలు వాడికి. గిటార్లు రంపపు మిల్లులా కొయ్యాలనీ, డ్రమ్ములు రేకుల కప్పు మీద వడగళ్లలా పడాలనీ, ఇప్పటి బ్యాండ్లు పాటను చిత్రిక పట్టి నున్నగా చేసి పాడుచేస్తున్నాయనీ షైనీకి పాఠం చెప్పేవాడు. చివరి పాటలో మూడో నిమిషం దగ్గర డ్రమ్ముల కుర్రాడు తడబడి ఒక దెబ్బ వెనకబడతాడు. దాన్ని దిద్దకుండా అట్లాగే వదిలేశారు. ఆ తప్పు దగ్గరికి రాగానే హెన్రీ కళ్లు మూసుకుని, గుడిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకునేవాడిలా తల వంచేవాడు. షైనీ నవ్వు ఆపుకునేది. ఆపుకుంటూనే, ఆ దెబ్బ కోసం తనూ ఎదురుచూడడం మొదలై చాలా రోజులైందని ఎవరికీ చెప్పలేదు.

నాయన డేవిడ్‌రాజు బడిపంతులు, చర్చి సంఘంలో పెద్ద, డీకన్ కూడా. ఆయన ముట్టుకోకుండా హెన్రీ ఆ క్యాసెట్ మీద 'ఉపవాస కూటపు ప్రసంగాలు' అని రాసి అంటించాడు. ఆ ఇంట్లో ఎవరి చెయ్యీ పడని క్యాసెట్లు అవేనని వాడి నమ్మకం. ఆ తెలివే వాడి కొంప ముంచింది.

తుంటి విరిగి మంచాన పడ్డ హన్నమ్మకు ఆదివారం ఆదివారం పాస్టరుగారి ప్రసంగాన్ని రికార్డు చేసుకుపోయి వినిపించడం డేవిడ్‌రాజు పెట్టుకున్న పని. పోయినవారం తన క్యాసెట్ టేపు చుట్టుకుపోతే, పాత ప్రసంగాలే కదా, మళ్లీ ఎవరు వింటారులే అని దీన్ని తీసుకెళ్లాడు. పాస్టరుగారు ఆ రోజు దీర్ఘంగా చెప్పారు. ఎనిమిది పాటలు కొట్టుకుపోయాయి.

ఆ సాయంత్రం హన్నమ్మ ఇంట్లో షైనీ మంచం పక్కన విసనకర్ర విసురుతోంది. నాయన వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. టేపులో ఆమేన్ అన్నారు. మరుక్షణం ఎముక ఇరుక్కున్న ఆ గొంతు లేచింది. విసనకర్ర ఆగిపోయింది. ముసలామె మాత్రం కదలకుండా విని, "యేసయ్య వెళ్లగొడితే పందుల మందలోకి పోయిన దయ్యాలు గదా అమ్మీ ఇవి. ఇన్నేళ్లూ చదివించుకున్నానేగానీ ఎట్లా అరిచినాయో ఇయ్యాల తెలిసింది," అంది. షైనీ మళ్లీ విసరసాగింది. ఇంతలో నాయన పరుగున వచ్చి ఆపేశాడు.

ఇంటికొచ్చాక పెద్ద గొడవే అయింది. ఆ మిగిలిన చప్పుడు కూడా వచ్చే ఆదివారం ప్రసంగంతో తుడిచేస్తానని డేవిడ్‌రాజు తేల్చి చెప్పాడు. అప్పటి నుంచి హెన్రీ క్యాసెట్‌ను చొక్కా జేబులోంచి తియ్యలేదు. స్నానానికి పోతే షైనీ చేతికిచ్చి, బయటికి రాగానే చెయ్యి చాపేవాడు. నాయన ఈ ఉదయం కొత్త క్యాసెట్ కొనుక్కుని గుడికి పోయాడని తెలిసినా వాడికి నమ్మకం కుదరలేదు. ఇప్పుడు కూడా పాటను మొదటికి తెమ్మని షైనీకిచ్చి, ఎదురుగా కాపలా కూర్చున్నాడు.

చెప్పుల చప్పుడైంది. హన్నమ్మ ఇంటికి వెళ్లిన నాయన పావుగంటకే తిరిగొచ్చాడు. టేప్‌రికార్డరు మంచం మీద పెట్టాడు.

"ఆ క్యాసెట్ ఇయ్యి," అన్నాడు.

"తుడిచేదానికైతే ఇయ్యను నాయనా."

"తుడిచేదానికి కాదురా." డేవిడ్‌రాజు కండువాతో మెడ తుడుచుకున్నాడు. "హన్నమ్మ అడగతా ఉండాది. దయ్యాలు పోయినాయో లేదో తేలకముందే ఆపేసినానంట. అది తేలితేగానీ ఈ వారం వాక్యం విననంటా ఉండాది."

"పోవాల్సింది దయ్యం కాదు, ఎముక," అంది అవ్వ మూల నుంచి.

డేవిడ్‌రాజు అవ్వ వైపు చూడలేదు. గొంతు తగ్గించి, "చివరికి పోతాయా?" అని కొడుకును అడిగాడు.

తనకిష్టమైన పాట గురించి నాయన ఒక ప్రశ్న వెయ్యడం అదే మొదలు. అవునంటే పాట దక్కుతుంది. కానీ ఆ పాట విషయంలో అబద్ధం చెప్పడానికి వాడికి నోరు రాలేదు.

"పోయినట్టు ఏం లేదు నాయనా. అరుపు ఆగిపోతుంది. డ్రమ్ములు మాత్రం నిదానంగా కొంచెంసేపు మోగి, అవీ ఆగిపోతాయి."

డేవిడ్‌రాజు కండువా మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"ఆగిపోయినాయంటే పోయినట్టే," అన్నాడు. "పోయినాయని చెప్పి ముందర వాక్యం పెట్టు. అయినాక అది. నేను రాను, నువ్వే పోయి వినిపించు."

షైనీ చివరి నాలుగు తిప్పులూ తిప్పి, వదులైన టేపును వేలితో సరిచేసి క్యాసెట్‌ను అన్న చేతిలో పెట్టింది. ఆ మూడో నిమిషం సంగతి హన్నమ్మకు ముందే చెప్పమందామనుకుంది, ఊరుకుంది. హెన్రీ చొక్కా గుండీలు పెట్టుకుని, తల దువ్వుకుని, గుడికి పోయేవాడిలా టేప్‌రికార్డరును చంకన పెట్టుకున్నాడు. గడప దాటి వెళ్లిపోయాడు.