ఉల్లిపాయ లేని వంట

కాలేజీ క్యాంటీన్లో రోజూ మూడొందల మందికి వండి పెట్టే మేస్త్రికి ఆ ఆదివారం ఉదయం ఒక కుక్కకి గుప్పెడు అన్నం వండటం చేతకాలేదు. నవ్వులాటకి చెప్పడం లేదు. గిన్నెలో నీళ్ళు, కడిగిన బియ్యం, తోలూ ఎముకా లేని నాలుగు కోడిముక్కలు, చిన్న గుమ్మడికాయ చెక్క. ఉప్పు వద్దు, నూనె వద్దు, కారం ఊసే వద్దు. మెత్తగా ఉడికించి, చల్లార్చి, రోజుకి ఐదుసార్లు కొంచెం కొంచెంగా పెట్టమంది డాక్టరమ్మ. ఇంతే. ఇరవై ఏళ్ళుగా గరిటె తిప్పుతున్న మనిషి, ఇంట్లో పొయ్యి ముందు ఏం తోచక నిలబడ్డాడు.

వంటింటి గుమ్మం పక్కన గోనెపట్టా మీద పడుకుని ఉన్నాడు పేషెంటు. పేరు దొర. ఎవరొచ్చినా లేవకుండా కళ్ళు మాత్రం ఎత్తి చూసే ఆ దర్జాకి వాడికా పేరు పడింది. వారం కిందట దర్జా అంతా దిగిపోయింది. చిగుళ్ళు పాలిపోయాయి, ఉచ్చ కాఫీ రంగుకి తిరిగింది, మెట్లెక్కబోయి మధ్యలోనే కూలబడ్డాడు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, "వీడికి ఉల్లిపాయ ఎవరు పెడుతున్నారు?" అని అడిగింది. "కుక్కలకి అది విషం. రోజూ కొంచెం తిన్నా రక్తం పాడైపోతుంది."

క్యాంటీన్ మూసే ముందు, మూకుడు అడుగున అంటుకున్న ఉల్లిపాయ ముద్దని గోకి డబ్బాలో వేసుకొచ్చేది మేస్త్రే. వండింది పారబోయడానికి ఆయనకి చేతులు రావు. వీధి మలుపు దాకా దొర ఎదురొచ్చేవాడు. ఇంట్లో తెలిస్తే భార్య సాధిస్తుందని మెట్ల కిందే మూత తీసేవాడు. రెండు నెలలుగా ఇది ఆ ఇద్దరి గుట్టు.

నోరు తెరుద్దాం అనుకునేలోపే భార్య అందుకుంది. "మా అమ్మే అయ్యుంటుంది డాక్టరుగారూ. చూపు ఆనదు. సగం ముద్ద నోట్లోకి, సగం కిందకి." ఇంటికొచ్చాక తల్లిని అదే మాట అడిగింది. అత్తగారు చాలాసేపు ఆలోచించి, "అయ్యుంటుందే. చేతులు వణుకుతున్నాయి ఈ మధ్య" అంది. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. కాస్త సద్దుమణిగాక చెబుదాంలే అనుకున్నాడు. భయపడి ఊరుకున్నాడంటే పోనీ అనుకోవచ్చు. నింద ఇంకొకరి మీద పడగానే లోపలెక్కడో హాయిగా అనిపించింది చూశారా, అదీ అసలు పాపం.

ఆ రోజు నుంచి అత్తగారు తన గదిలో తలుపేసుకుని తింటోంది. కింద పేపరు పరుచుకుని, తిన్నాక నేలంతా అరచేత్తో తడుముకుని, ఒక్క మెతుకు కూడా లేదని తేల్చుకున్నాకే తలుపు తీస్తోంది. నిన్న పెద్దకూతురికి ఫోను చేసి, "నేనొచ్చేస్తానే, ఇక్కడుంటే ఆ మూగజీవాన్ని చంపేసేలా ఉన్నాను" అంది. మధ్యాహ్నం బస్సు. సర్దిన సంచి అప్పుడే వీధి గుమ్మం దగ్గరికి చేరింది.

ఇక్కడ నీళ్ళు మరుగుతున్నాయి. మేస్త్రి వాటివైపే చూస్తూ, ఆవిడ బస్సెక్కేలోగా ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాడు. తేరుకుని చూసుకునేసరికి కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో సగం పొట్టు తీసిన ఉల్లిపాయ. పొయ్యి మీద గిన్నె పెడితే ఉల్లిపాయ అందుకోవడం ఆ చేతులకి పుట్టుబుద్ధి.

సరిగ్గా అప్పుడే దొరని చివరిసారి చూసిపోదామని గోడ పట్టుకుంటూ వచ్చింది అత్తగారు. గుమ్మంలో ఆగిపోయింది. గాలి పీల్చింది. తర్వాత మెల్లగా తన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"బాబూ, ఉల్లిపాయ వాసనొస్తోంది. మళ్ళీ నేనేమైనా ముట్టుకున్నానా?"

చెత్తబుట్ట కాలి పక్కనే ఉంది. అందులో పడేసి 'ఏం లేదత్తయ్యా' అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"మీరు కాదత్తయ్యా. నా చేతిలో ఉంది" అన్నాడు. "ఇప్పుడే కాదు. ఇన్నాళ్ళూ నేనే."

డబ్బా సంగతీ, మెట్ల కింది సంగతీ అంతా చెప్పేశాడు. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న భార్య వచ్చి నిలబడి విన్నది. గిన్నెలో అన్నం కుతకుతలాడింది.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయా?" అంది చివరికి అత్తగారు.

"బాగానే ఉన్నాయత్తయ్యా."

"ఈ వారం నుంచి నీళ్ళ గ్లాసు కూడా రెండు చేతులా పట్టుకుంటున్నాను బాబూ. నా చేతుల్ని నేనే నమ్మలేదు."

తిట్టి ఉంటే ఎంత బాగుండేది. భార్య మాత్రం వదల్లేదు. "ఇన్ని రోజులు అన్నం ఎలా మింగుడుపడిందండీ మీకు?"

పడలేదంటే అబద్ధమే. రెండు పూటలా శుభ్రంగా తిన్నాడు, మారు కూడా అడిగాడు.

అన్నం చల్లారింది. అత్తగారు నేల మీద కూర్చుని చెయ్యి చాపింది. "ఇలా ఇవ్వండి గిన్నె." చిన్న చిన్న ముద్దలు చేసి తినిపించింది. చెయ్యి వణుకుతూనే ఉంది, మెతుకులు కింద పడుతూనే ఉన్నాయి, దొర నాకుతూనే ఉన్నాడు. ఆవిడ నేల తడుముకోలేదు. బస్సు వేళ దాటిపోయింది. సంచి లోపల పెట్టమని ఆవిడ అనలేదు, పెట్టే ధైర్యం మేస్త్రికి లేదు.

గిన్నె ఖాళీ అయ్యాక దొర వారంలో మొదటిసారి తనంతట తాను లేచాడు. తూలుకుంటూ గోడకి తగిలించిన క్యాంటీన్ సంచి దగ్గరికి వెళ్ళి, అందులో మూతి పెట్టి వెతికాడు. డబ్బా లేదు. మేస్త్రి దగ్గరికొచ్చి, ముఖంలోకి చూస్తూ తోక ఊపాడు. సంగతంతా ఇంట్లో అందరికీ తెలిసిపోయిందని వాడికి తెలియదు. ఆ తోక ఆగేదాకా మేస్త్రి తలెత్తలేకపోయాడు.