రైలు దారిలో లీలాకుమారి

బండల మీద ఎండ… ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది.

సీతాఫలం పొదల్లోంచి వేడిగాలి. ఆ గాలిలో కొత్త రంగు వాసన.

కొమురమ్మ నెత్తిమీద తట్ట దించి చూసింది. గుడిసె పక్క బండ మీద ఎర్రగీత.

ఎవరు గీశారో. ఎందుకు గీశారో.

ఫిల్మ్ నగర్‌లో ఎవరైనా ఏదైనా గీస్తారు. నిరుడు ఈ వాలు మీదే రెండు రోజుల్లో పోలీసు ఠాణా లేచింది. వారం తిరక్కుండానే గోడలు విప్పి లారీ ఎక్కించుకుపోయారు. అట్టగోడలు! అలాంటి చోట కాపురముండే మనిషి దేన్నీ నమ్మకపోతే తప్పా? నన్నడిగితే కాదు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం.

మూడుకాళ్ల యంత్రం. దాని వెనక ఒంటికన్నుతో చూసే మనిషి. దూరంగా చారల కర్ర పట్టుకుని మరొకడు. పెద్ద గొడుగు. "అడ్డం రాకమ్మా, జరుగు" అని కేకలు.

అచ్చం షూటింగే.

గొడుగు కింద కాగితాలతో సర్వే ఆఫీసరు కాశీవిశ్వనాథం. "లోకల్ రైలు వేస్తారమ్మా. టోలిచౌకి నుంచి ఈ కొండ మీదుగా మోతీనగర్ దాకా. మీ గుడిసె దారిలో ఉంది. పేరు రాయిస్తే వేరేచోట ఇంటిజాగా ఇస్తారు."

రైలట. కొండ మీదట. పైగా ఇంటిజాగా కూడానట.

కొమురమ్మ లోలోపల నవ్వుకుంది. డైలాగు బాగానే రాశారు.

"పేరు చెప్పమ్మా."

గుంపు సీన్లకు మనుషుల్ని తీసుకుపోయే ఏజెంటు కూడా ఇలాగే కాగితం తీస్తాడు. సాయంత్రం కూలి ముఖం చూసి ఇస్తాడు, పేరు చూసి కాదు. అందుకని బస్తీ ఆడవాళ్లు అసలు పేరు చెప్పరు. సినిమాలకు పోతున్నారని ఇంట్లో తెలిస్తే ఊరుకుంటారా? కొమురమ్మ మేస్త్రీ దగ్గర ఇటుకలు మోస్తుందనే మొగుడు బాలనర్సయ్యకు తెలుసు. సినిమా సంతలో కూరలు బేరమాడే ఆమెకు, సినిమా పెళ్లిలో అక్షింతలు వేసే ఆమెకు వేరే పేరుంది.

"లీలాకుమారి," అంది.

రాసుకున్నాడు. వెళ్లిపోయారు.

ఒక వానాకాలం పోయింది. రెండోదీ పోయింది.

షూటింగు రంగు ఒక్క వానకే కారిపోతుంది. ఈ గీత కారలేదు… అప్పుడు మొదలైంది కొమురమ్మకు గుబులు.

మూడో ఏడు జీపు వచ్చింది. జాబితా వచ్చింది. కాగితాల మీద నిజమైన ముద్రలు!

"మల్లమ్మ."

పక్కింటి మల్లమ్మ ఇంటిజాగా చీటీ అందుకుంది. సర్వే రోజు ఆమె పేరు ఆమె అత్త రాయించింది. అదృష్టం.

"లీలాకుమారి."

బాలనర్సయ్య గుమ్మంలోకి వచ్చాడు. "గసుంటి పేరోళ్లు గీడ లేరు సారూ. గిది నా ఇల్లు. నా పెండ్లాం కొమురమ్మ."

"నేనే సారూ," అంది కొమురమ్మ. "గది సినిమాల చెప్పే పేరు. ఆనాడు షూటింగనుకున్న."

బాలనర్సయ్య ఆమె వైపు చూశాడు. ఎన్నేళ్లుగా అని అడగలేదు. అడిగి, తిట్టి ఉంటే ఆమెకు కాస్త నయంగా ఉండేది.

కాశీవిశ్వనాథం ఆమె ఇచ్చిన రేషన్ కార్డు తిరగేశాడు. "కార్డులో ఒక పేరు, లిస్టులో ఇంకో పేరు. ఎవరి జాగా కొట్టేద్దామని వచ్చావు?"

"బస్తీల అడుగుండ్రి సారూ… గీ మల్లమ్మకు ఎర్కే."

అడిగాడు.

మల్లమ్మ పక్కన ఆమె మొగుడున్నాడు. మొన్నటి సినిమా పెళ్లిలో మల్లమ్మ కూడా అక్షింతలు వేసింది. ఆ సంగతి అతనికి తెలియదు.

"నాకెర్క లేదు సారూ."

ఆమెను తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ కోపం మాత్రం పోలేదు.

ఆఫీసరు ఆ పేరు ఎదురుగా ఏదో రాసి, పైకి చదివాడు. "ఇల్లు ఖాళీ. ఎవరూ నివాసం లేరు."

చదువుతున్నప్పుడు కొమురమ్మ అతనికి రెండడుగుల దూరంలో ఉంది.

తొంభై ఆరు దాటింది. రైలు రాలేదు… రాదని కూడా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఎక్కడ జీపు చప్పుడైనా కొమురమ్మ పని వదిలేసి ఇంటికి పరుగెత్తుతుంది. పొయ్యి మీద ఏమీ లేకపోయినా మంట పెడుతుంది. పొగ లేవాలి.

ఇంట్లో మనిషి ఉందని వాళ్లకు కనిపించాలి కదా.