చక్రాలు లేని బండికి నిమ్మకాయలు

మా గరాజు పైకప్పు కింద ఏళ్ళ తరబడి ఒక రెక్క వేలాడుతూ ఉండేది. అల్యూమినియం గొట్టాలకు చుట్టిపెట్టిన నారింజ, పసుపు చారల గుడ్డ. కారు దిగేవాళ్ళ తలకి తగిలేది. మావారు శేషగిరి పోయాక కూడా దాన్ని నేను దించనివ్వలేదు.

మొన్న వేసవిలో దించాం. ఆయన స్నేహితుడు వాల్ట్, ఇలాంటి రెక్కలతో మనుషులు ఎగిరే తన మైదానంలో కొత్త షెడ్డు కట్టాడు. పాతకాలం రెక్కలన్నీ అందులో వేలాడదీస్తున్నానని, గిరి రెక్క లేకపోతే వెలితిగా ఉంటుందని ఫోన్ చేశాడు. సరేనన్నాను. రెక్కతోపాటు నేనూ వస్తానని, నన్ను ఒక్కసారి పైకి తీసుకెళ్ళమని కూడా అడిగాను.

పక్కనే ఉన్న మా అబ్బాయి సృజన్ అంతా విన్నాడు.

"అమ్మా, నో. హిప్ రీప్లేస్ చేసి టూ ఇయర్స్ కూడా కాలేదు. రెక్క డ్రాప్ చేసి వచ్చేద్దాం, అంతే."

వాడి భయం తుంటి గురించి కాదని నాకు తెలుసు.

మేము ఈ దేశం వచ్చి షామ్‌బర్గ్‌లో కాపురం పెట్టిన కొత్తలో, కాలిఫోర్నియా కొండల మీద నుంచి కుర్రవాళ్ళు గుడ్డ రెక్కలు పట్టుకుని దూకుతున్నారని ఆయన ఏదో పత్రికలో చూశారు. అంతరిక్షం నుంచి తిరిగొచ్చే వాహనాలను మెల్లగా దింపడానికి పరీక్షించిన రెక్కట అది. చివరికి అక్కడ వాడలేదు గానీ, జనం దాన్ని పట్టుకుని కొండలెక్కారు. మా చుట్టూ చూస్తే మొక్కజొన్న చేలే. కనుచూపు మేరలో కొండన్నది లేదు. కొండ లేనివాళ్ళు ఏం చేస్తారు? రెక్కకి ఇంజన్ కట్టారు. మా చుట్టుపక్కల రాష్ట్రాల్లో అలాంటి పిచ్చివాళ్ళు చాలామందే ఉండేవారు. మావారూ వాల్టూ పిల్లల రేసుబండి నుంచి చిన్న ఇంజన్ పీకి తెచ్చుకున్నారు. ఆ చలికాలమంతా కారు మంచులో, రెక్క గరాజులో.

దానికి చక్రాలు లేవు. రెక్క ఎత్తుకుని తామే పరుగెత్తి గాల్లోకి లేవాలి. సొంత కాళ్ళతో లేచేదాన్ని ఎవరూ విమానం అనరని, లైసెన్సు అడగరని వాల్ట్ ధీమా. రెండు చేతులూ కడ్డీ మీదే ఉండాలి కాబట్టి ఇంజన్‌ని నోటితో నడిపేవారు. బట్టల క్లిప్పులాంటిది పళ్ళ మధ్య గట్టిగా కరిస్తే ఇంజన్ అందుకుంటుంది, వదిలితే తగ్గిపోతుంది. మావారు మాట్లాడకుండా ఉన్నది ఆ గాల్లో ఉన్నంతసేపే.

మొదటిసారి ఎగిరే రోజున నేను పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, నిమ్మకాయలు పట్టుకెళ్ళాను. కారు కొన్నప్పుడు ఎలా చేశామో ఇదీ అలాగే అనుకున్నాను. రెక్కకి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. నిమ్మకాయలు మాత్రం చేతిలోనే ఉండిపోయాయి. చక్రాలుంటే కదా కింద పెట్టడానికి? ఆయన నా చేతిలోంచి రెండు తీసుకున్నారు.

"నా కాళ్ళే కదే దీనికి చక్రాలు" అని రెండు బూట్ల ముందూ ఒక్కొక్కటి పెట్టుకున్నారు. వాల్ట్ భక్తిగా టోపీ తీసి నిలబడ్డాడు.

వాల్ట్ తాడు లాగాడు, ఇంజన్ అంటుకుంది. ఆయన క్లిప్పు కరిచి నిమ్మకాయల మీద అడుగేశారు. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు పోయింది. "అమ్మో" అన్నారు. నోరు తెరిచేసరికి ఇంజన్ చల్లబడింది. ఆయన్ని కాపాడింది ఆ కేకే. ముందు కొన నేలకి గుచ్చుకుని, రెక్క ఆయన మీద పూర్తిగా పరుచుకుంది. అప్పటికి సృజన్‌కి ఆరేళ్ళు. నాన్న చచ్చిపోయాడని నా కుచ్చిళ్ళలో మొహం దాచుకుని ఏడ్చాడు. అప్పుడు రెక్క కింద నుంచి గొంతు వినిపించింది.

"వేణీ, మిగతా నిమ్మకాయలు పచ్చడి పెట్టెయ్."

మణికట్టు విరిగింది. కట్టు విప్పాక మళ్ళీ ఎగిరారు, చాలా ఏళ్ళు ఎగిరారు. సృజన్ మాత్రం ఆ మైదానంలో మళ్ళీ ఎప్పుడూ కారు దిగలేదు.

నన్నూ తీసుకెళ్ళమని అడుగుతూనే ఉండేదాన్ని. రెండు సీట్లది చేసి తీసుకెళ్తాననేవారు. ఈలోగా ప్రభుత్వం నియమాలు పెట్టింది. లైసెన్సు లేనివాళ్ళు ఒంటరిగానే ఎగరాలంది. ఇద్దరు ఎక్కేవి మా వైపుకి వచ్చేనాటికి ఆయన గుండె బాగా లేదు. దిగిన ప్రతిసారీ నా మొహం చూసి ఒకటే మాట చెప్పేవారు.

"ఏముందే పైన. చలి, పెట్రోలు వాసన. నువ్వేం పోగొట్టుకోలేదు."

ఆ శనివారం రెక్కని కారు మీద కట్టుకుని వెళ్ళాం. షెడ్డు తలుపు పక్కన ఒక బోర్డు ఉంది. నిమ్మకాయ బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్ర గీత. ఆ బోర్డు ఏళ్ళుగా ఉందని, ఎందుకో ఇప్పటి కుర్రవాళ్ళకి తెలియదని, అయినా అందరూ పాటిస్తారని వాల్ట్ చెప్పాడు. నా మనవరాలు నైనికకి నేను కథంతా చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. సృజన్ నవ్వలేదు. కానీ కారు దిగాడు.

వాల్ట్ బండి చూపించాడు. పైన అదే త్రికోణం రెక్క. దాని కింద మూడు చక్రాల తొట్టి, ఒకదాని వెనక ఒకటి రెండు సీట్లు, ఆ వెనక పంకా. సృజన్ బెల్టులు లాగి చూశాడు. బోల్టులు తడిమాడు. ఇంజన్ ఆగిపోతే ఏమవుతుందని అడిగాడు. ఆగితే అది మళ్ళీ పాత గ్లైడరేనని, మెల్లగా తేలుతూ దిగుతుందని వాల్ట్ అన్నాడు.

"అమ్మా, ప్లీజ్. నేను చూడలేను."

"మీ నాన్న నన్ను తీసుకెళ్తానన్నారురా. కుదరలేదు. ఇప్పుడు బండి ఉంది, నడిపే వాల్ట్ ఉన్నాడు, నేనూ ఉన్నాను. అయినా నువ్వు వద్దంటే ఎక్కను."

వాడు అవతలికి వెళ్ళిపోయాడు.

"డాడ్‌ని అడగొద్దు నాన్నమ్మా" అంది నైనిక. "రోలర్‌కోస్టర్ దగ్గర కూడా బ్యాగులు పట్టుకుని కింద నిలబడతాడు."

మేము మావారి రెక్కని షెడ్డు కప్పుకి కట్టిస్తున్నాం. ఎక్కనట్టే అనుకుని నేను మనసు సర్దుకుంటున్నాను. అప్పుడు సృజన్ తిరిగొచ్చాడు. అందరికీ ఐస్ టీ పెట్టిన బల్ల మీద నుంచి మూడు నిమ్మకాయలు తెచ్చాడు. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో చక్రం ముందు ఒక్కోటి పెట్టాడు. వాల్ట్ బోర్డు వైపు వేలు చూపించాడు.

"అది కాళ్ళతో ఎగిరేవాళ్ళకి" అన్నాడు సృజన్. నా హెల్మెట్ పట్టీ తనే బిగించాడు, కావలసిన దానికన్నా గట్టిగా.

చక్రాల కింద నిమ్మకాయలు చితికిన చప్పుడు ఇంజన్ హోరులో వినపడలేదు. బండి గతుకుల మీద ఎగిరెగిరి పడింది, ఉన్నట్టుండి గతుకులు లేవు. చేలన్నీ దువ్వెనతో దువ్వినట్టు పాయలు పాయలుగా కనిపించాయి. ఒక్కో చెరువులో ఒక్కో సూర్యుడు. మా రెక్క నీడ పొలాల మీద పరుగెత్తి, రోడ్డు దాటి, ఎవరిదో ఇంటి కప్పెక్కి దిగింది. బాగా పైకి వెళ్ళాక వాల్ట్ ఇంజన్ ఆపేశాడు. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అంత ఎత్తుకీ మొక్కజొన్న పూత వాసన వస్తోంది. ఒక డేగ మా పక్కనే రెక్క ఆడించకుండా తిరుగుతూ నన్ను తేరిపార చూసింది.

నాకు చలి వెయ్యలేదు. పెట్రోలు వాసన అసలే లేదు.

దిగేసరికి సృజన్ గడ్డిలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. భయమేసిందా అని అడుగుతూ హెల్మెట్ పట్టీ విప్పబోయాడు. తను బిగించిన ముడి తనకే ఊడి రావడం లేదు.

"మీ నాన్న ఇన్నేళ్ళూ నాతో అబద్ధం చెప్పారురా" అన్నాను. "ఏమీ లేదన్నారు. అన్నీ ఉన్నాయి అక్కడ."

వాడు తలెత్తి షెడ్డులో వేలాడుతున్న నారింజ చారల రెక్క వైపు చూశాడు. మళ్ళీ ముడి మీద పడ్డాడు.

"కదలకమ్మా" అన్నాడు. పైన ఏమేం చూశానో నేను చెప్తూనే ఉన్నాను.